డబ్బాకు కల్లు సాక

పట్నం పోయి వచ్చినవాళ్లను అందరూ చార్మినార్ చూశావా అని అడుగుతారు. నేను చూడలేదు. పట్నం అవతల ఒక మైదానం చూశాను, అక్కడి నుంచి తెల్లవారుజామున ఆకాశానికి లేచిన ఒక పెద్ద బుగ్గను, అదే బెలూనును, చూశాను. దాని వెంట జీపులో తిరిగి తిరిగి మళ్లీ మన జిల్లాకే వచ్చి, పరకాల దాటాక ఒక ఊళ్లో ఒక తల్లి ఎదుట కూర్చున్నాను. ఇదంతా మూడు రోజుల్లో జరిగింది. అటువంటి ప్రయాణం మా వాడలో ఎవరూ చేయలేదు కనుక రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఒక కాలేజీ ప్రయోగశాలలో గాజు సామాను కడిగే ఆయాను. పేరు కొమురమ్మ. అక్కడ సుజాత అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. వాళ్ల నాన్నకు చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం ఉంది. కూతురు బుగ్గ వెంట జీపులో పోవాలన్న సంగతి తెలిసి ఆయన స్వయంగా మా ఇంటికి వచ్చాడు.

"కొమురమ్మా, మొగోళ్ల జీపుల మా పిల్ల ఒక్కతే తిరుగుడు బాగుండదు. తోడుగ నువ్వు పో. నీకు పుణ్యముంటది."

"పుణ్యం సంగతి తర్వాత సావుకారీ, నన్ను తోలుకపోయినోళ్లు తిండి పెడ్తరా?"

"నువ్వు తినేదంత మా ఇంట్లకెల్లే కట్టిస్త," అన్నాడు. అట్లా నేను తోడు మనిషినయ్యాను.

ఆ బుగ్గ ఎందుకో ముందు చెప్పాలి. కొన్నేళ్ల కింద కుజగ్రహం మీద యంత్రాలు దిగి, అక్కడి మట్టి తవ్వి, ప్రాణమున్నదేమైనా దొరుకుతుందా అని వెతికాయట. ఉందని కొందరు, లేదని ఎక్కువమంది, ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారట. సుజాత చేసేది కాగితపు పట్టీలు. ఎంజైము అనే పదార్థం ఒకటి ఉంటుంది, ప్రాణమున్నవాటి లోపలి నుంచే దాన్ని తీస్తారు. దాన్ని కాగితం మీద ఆరబెడుతుంది. ప్రాణమున్నది తగిలితే ఆ తెల్ల పట్టీ మెల్లగా ఎర్రబడుతుంది. ఇక్కడ బాగానే ఎర్రబడుతుంది. కాని అంత దూరం పోతే?

"అక్కా, మన మీద గాలి మందపాటి దుప్పటి లెక్క కప్పి ఉన్నది," అని ఒక రోజు సీసాలు కడుగుతున్న నాకు చెప్పింది. "అది దాటితే సూర్యుని నుంచి, ఇంకా దూరం చుక్కల నుంచి కిరణాలొస్తయి. కంటికి కనపడవు. ఆ కిరణాలు నా ఎంజైమును విరిచేస్తే పట్టీ గుడ్డిదైతది. ప్రాణం ఎదురుంగ ఉన్నా తెల్లగనే ఉంటది. మనం ఏమీ లేదని రాసుకొని ఊకుంటం."

అది విన్న రోజు నాకు అన్నం సరిగా పోలేదు. ఉన్నదాన్ని లేదనుకోవడం ఎంత అన్యాయం!

గాలి చాలా మటుకు కిందనే మిగిలిపోయే ఎత్తుకు బుగ్గ పోతుంది. పెద్ద పెద్ద పరిశోధకుల పరికరాలన్నీ ఒక ఇనుప చట్రంలో బిగించి దాని కింద వేలాడదీస్తారు. ఆ చట్రం పక్కన సుజాత డబ్బాకు ఈ ఒక్కసారికి చోటిచ్చారు. డబ్బా మన టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్దది. లోపల రెండు అరలు, రెండింటిలో ఒకే రకం పట్టీలు. ఒక అర చెడిపోతే ఇంకొకటి ఉండాలని అట్లా చేసింది.

ఇంకొక డబ్బా కూడా ఉంది. అచ్చం దానిలాంటిదే. అది పైకి పోదు. నేల మీదనే మాతో పాటు తిరగాలి, అదే దారి, అదే కుదుపు. రేపు పైకి పోయిన పట్టీలు పని చేయకపోతే, అది కిరణాల వల్లనా ప్రయాణపు కుదుపుల వల్లనా అని ఈ జతను చూసి తేల్చుకోవాలి. ఆ జత డబ్బా నా ఒడిలో పెట్టింది.

కాజీపేట స్టేషన్

ప్యాసింజరు ఎప్పటిలాగే ఆలస్యం. రైలెక్కాక సుజాత ఒడిలో ఒక డబ్బా, నా ఒడిలో ఒకటి. ఎదుటి బల్ల మీద ఇద్దరు పిల్లలతో ఒకామె కూర్చుంది. మడికొండ వాళ్లట, చెల్లె సీమంతానికి పోతోంది. ఆమె చూపు నా ఒడి మీది నుంచి కదలలేదు.

"అక్కా, అండ్ల ఏమున్నది? తినేదైతే వాసన రావాలె గద."

"తినేది కాదు."

"బంగారమా?"

"బంగారముంటే ఈ రైలు డబ్బల ఎందుకెక్కుత? కారుల పోదును."

చుట్టూ అందరూ నవ్వారు. సుజాత ఓపికగా ఆమెకు కుజగ్రహం సంగతంతా చెప్పింది. ఆమె పెద్ద పిల్లవాడి ముక్కు తుడుస్తూ విన్నది.

"ఆడ మనుషులున్నరని తెలిస్తే ఏం జేస్తరు? ఓట్లడుగతందుకు పోతరా?" అంది.

మనుషులు కాదు, కంటికి ఆననంత చిన్న ప్రాణం ఉన్నా చాలని సుజాత అంది. "గంత చిన్నదానికి గింత దూరమా!" అని ఆమె నిట్టూర్చింది. కాని జనగామలో దిగిన ఆమె కిటికీ దగ్గరకు వచ్చి, "చెల్లే, నీ పని మంచిగ కావాలె," అని చెప్పి పోయింది.

సుజాత వాళ్ల ఇంట్లోంచి వచ్చింది పులిహోర, కారప్పూస. నాకు జొన్న రొట్టె లేకపోతే పూట గడవదు, తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి బయట నీళ్లు తాగదు. కాచి చల్లార్చిన నీళ్లు రాగి చెంబులో మూత పెట్టి తెచ్చుకుంది. భువనగిరిలో నేను కొన్న జామకాయలు మాత్రం ఉప్పూకారం అద్దుకుని నాతో సమానంగా తిన్నది.

పట్నం అవతల

సికింద్రాబాదులో దిగి ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. మా దగ్గర హోటల్లో ఆడవాళ్లు కనిపిస్తే పక్కకు చూపిస్తారు, ఇక్కడ ఎవరి ధ్యాస వారిది. చాయ్ చిక్కగా ఉంది, మా చౌరస్తాలో దొరికే ధరకు ఇక్కడ సగం కప్పే వస్తుంది. పక్క బల్ల దగ్గరి ముసలాయన సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు. అది మాత్రం మన ఊరి పద్ధతే.

మైదానం ఊరికి దూరంగా ఉంది. అక్కడ ఆడవాళ్లు ఉండటానికి వేరే గది లేదు. వంటమనిషి తన సామాను గది ఖాళీ చేసి ఇచ్చాడు. ఉల్లిగడ్డల బస్తాల మధ్య పడుకున్నాం.

చీకటితోనే లేపారు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. బీడీ, అగ్గిపెట్టె ఏవి ఉన్నా గేటు దగ్గరే తీసుకుంటారు, ఎందుకంటే బుగ్గలో నింపే వాయువు అంటుకుంటుందట. బుగ్గ నేల మీద పొడుగ్గా పరిచి ఉంది. ఉల్లిపొర అంత పలుచన. ఆ పొర అంత బరువు మోస్తుందని చెబితే నమ్మబుద్ధి కాదు.

అక్కడే చిన్న తికమక జరిగింది. చట్రానికి డబ్బా బిగించడానికి వచ్చిన మనిషి నా ఒడిలోది పట్టుకుని లేచాడు.

"ఓ బిడ్డా, అది కాదు! అది కిందనే ఉండేది, పైకి పోయేది ఆ అమ్మాయి దగ్గరున్నది," అన్నాను.

"రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి కదమ్మా!"

"ఒక్కతీరుగ ఉండుడే వాటి పని," అని సుజాత నవ్వింది. నవ్వింది గాని, తన డబ్బా బిగించేదాకా ఆ మనిషి పక్క నుంచి కదలలేదు. ఆ చిన్న డబ్బాలో మూడేళ్ల కష్టం ఉంది. ఇది కాకపోతే ఇంకొకసారి చోటు ఎవరిస్తారో తెలియదు. ఇంక చాలు, ఇంటికి వచ్చి ఉండమని నాన్న అప్పటికే అంటున్నాడు.

గాలి ఆగినప్పుడు బుగ్గను వదిలారు. చప్పుడు లేదు. పైన ఒక చిన్న ఉబ్బు, కింద పొడుగ్గా వేలాడే పొర, దాని కింద చట్రం. కింద మాకు ఇంకా చీకటే, పైకి పోయిన బుగ్గకు మాత్రం ఎండ తగిలింది. వెండిలా మెరిసింది. నేను దండం పెట్టాను.

మా జీపు డ్రైవరు యాదగిరి పక్కనే ఉన్నాడు. "దండమెందుకక్కా, అది దేవుడా?"

"దూరం పోయేటోళ్లకు పెడ్తరు," అన్నాను.

మళ్లీ మన దారే

జీపులో రేడియో ఉంది. బుగ్గ ఎక్కడుందో అందులో చెబుతూ ఉంటారు. తూర్పుకు పోతోందన్నారు. పట్నం నుంచి బయలుదేరి ఆలేరు, జనగామ మీదుగా మేము నిన్న రైల్లో వచ్చిన వైపే పోతున్నాం. జనగామలో ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. యాదగిరి తల ఎత్తి చూసి, "గంత దూరం పట్నం పోయి, ఇంటికే తిరిగి పోతున్నది సూడున్రి. దీనికి వరంగల్ల చుట్టాలున్నట్టున్నరు," అన్నాడు.

హనుమకొండ చౌరస్తాలో జీపు నెమ్మదించింది. సుజాత వాళ్ల దుకాణం ముందు నుంచే పోయాం. వాళ్ల నాన్న తక్కెడలో పప్పు తూస్తున్నాడు. "ఆపాల్నా?" అని యాదగిరి అడిగాడు. వద్దని తల ఊపింది. మంచి కబురుతో వస్తానని నాకు మెల్లగా చెప్పింది.

పొద్దు వాలుతుండగా రేడియోలో మాట వచ్చింది. బుగ్గకు చట్రాన్ని కట్టిన తాడును కింది నుంచే రేడియోతో తెంచేశారు, పారాచూట్ విచ్చుకుంది, పరకాల అవతల దిగుతోంది.

మేము చేరేసరికి చట్రం ఒక పత్తి చేనులో పక్కకు ఒరిగి ఉంది. దిగాక గాలికి పారాచూట్ దాన్ని రెండు చేన్ల దూరం ఈడ్చింది. పత్తికట్టె అంతా చట్రం పోయిన దారి వెంట పడుకుంది. ఊరివాళ్లు అక్కడే వచ్చి పడ్డ బుగ్గ పొరను కొడవళ్లతో కోసి మడతలు పెట్టుకుంటున్నారు. వానకాలానికి కొట్టం మీద కప్పుకుంటారట. వేరే జీపులో వచ్చినవాళ్లు పెద్ద పరికరాలు లెక్క చూసుకున్నారు, అన్నీ ఉన్నాయి. చట్రం పక్కన సుజాత డబ్బా లేదు. దాన్ని బిగించిన పట్టా ఒక్కటే తెగి వేలాడుతోంది.

సుజాత చీకటి పడేదాకా చేనంతా చేతులతో వెతికింది. పత్తికట్టె గీసుకుని మోచేతుల దాకా ఎర్రటి చారలు. ఎవరిని అడిగినా "మేము చూడలే" అన్నారు. ఆ రాత్రి పరకాల బంగళాలో పడుకున్నాం. ఆమె ఏమీ తినలేదు. నేనూ బలవంతం చేయలేదు.

ఆ ఊళ్లో

ఊరి పేరు రాయను. వాళ్ల దుఃఖం వాళ్లది.

మూడో రోజు పొద్దున్నే మళ్లీ అక్కడికే పోయాం. యాదగిరిని జీపు దగ్గర ఉండమని, నేను, సుజాత బోరింగు దగ్గరకు పోయాం. నీళ్లు పడుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి మాట ఆపేశారు. నా చంకలో జత డబ్బా ఉంది. బిందె ఎత్తుకోబోతున్న ఒకామె దాన్ని చూసి ఆగింది.

"ఇసొంటిదేనా మీరు దేవులాడేది?"

"ఇసొంటిదే. ఎక్కడన్న కనవడ్డదా అక్కా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "నర్సమ్మ కాడున్నది. గౌడోళ్ల వాడ. అడిగినా ఇయ్యది. అడగకున్రి గూడ. చెట్టంత కొడుకు పోయిండు."

ఆ వాడ దాకా మాతో నడుస్తూ చెప్పింది. నర్సమ్మకు ఒక్కడే కొడుకు, ఐలయ్య. కల్లు గీసేవాడు. మూడు రోజుల కింద తాటిచెట్టు మీద నడుముకు కట్టుకునే మోకు జారి పడ్డాడు. దవాఖానకు తీసుకుపోయే లోపలే ప్రాణం పోయింది. నిన్నటికి మూడో దినం. మా దిక్కు మూడో దినాన పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దాని ముందర కల్లు ధారగా పోసి సాక పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురు చూస్తారు. కాకి ముడితే పోయినవాడికి తృప్తి అయినట్టు. అది ముట్టనిదే ఇంటివాళ్లు మెతుకు తినరు.

"పొద్దంత సూసిర్రు. ఒక్క పిట్ట వాలలే," అంది ఆమె. "గప్పుడు వచ్చింది మీ బుగ్గ."

నర్సమ్మ ఇల్లు

గడప దగ్గర ఒక పెద్దమనిషి అడ్డంగా నిలబడ్డాడు. నర్సమ్మ మరిది, పేరు సాంబయ్య. జీపు దగ్గర ఉండక మా వెనకే వచ్చిన యాదగిరి ఖాకీ చొక్కా చూసి ఆయన ముఖం మాడింది.

"పోలీసులా?"

యాదగిరి గొంతు పెంచాడు. "సర్కారు సామాను ఇంట్ల దాసుకుంటే ఏమైతదో ఎరుకేనా?"

"నువ్వు జర నోరు మూసుకో బిడ్డా," అని అతన్ని పక్కకు నెట్టాను. "అన్నా, మేము ఎవల్నీ ఏమనతందుకు రాలే. మాది హనుమకొండ. లోపటికి రావొచ్చునా?"

ఆయన పక్కకు జరిగాడు.

నర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నా వయసే ఉంటుంది. ఒడిలో డబ్బా. రెండు చేతులూ దాని మీద. పక్కన నూనె దీపం వెలుగుతోంది, ఒక మూలకు మోకు, గీత కత్తి, కల్లు పట్టే లొట్టి కుండ ఒకటి. ఆమె ఎదుట నేను కూర్చున్నాను, నా ఒడిలోనూ అదే డబ్బా. ఆమె దీన్ని చూసింది, దాన్ని చూసింది.

"నిన్న ఏమైంది వదినా?" అన్నాను. ఏడుపు లేని గొంతుతో చెప్పింది.

"చేని గట్టు మీద కోడికూర పెట్టిన, బువ్వ పెట్టిన, బీడికట్ట పెట్టిన. కాకి రాలే. పొద్దు వాలింది. వాని మీద నాకు కోపమొచ్చింది, గింత అలిగినవా కొడుకా అని. గప్పుడు మీదికెల్లి తెల్లగ దిగింది. అవుతల చేన్ల పడ్డది. ఇది ఒక్కటి తెగి దొర్లుకుంట దొర్లుకుంట వచ్చి ఇస్తారి కాడ ఆగింది. మూత ఊడింది. లోపట తెల్లగ కాయిదాలున్నయి. వాడు ఆఖరిపారి కట్టిన లొట్టి, వాని చిన్నాయన సాంబయ్య దించుకొచ్చిండు. అండ్లకెల్లి ఇంత సాక పోసిన. తెల్లయి ఎర్రగైనయి."

"అందరం చూసినం," అన్నాడు సాంబయ్య. "గదే తృప్తి అనుకొని మేము తిన్నం. వదిన మాత్రం మంచినీళ్లు గూడ ముడుతలేదు."

సుజాత వంగి డబ్బాలోకి చూసింది. పై అర అంతా తడిసి, పట్టీలన్నీ ముదురు ఎరుపు. కల్లు వాసన. ఆ అర పోయినట్టే. కింది అర మూతకు వేసిన మైనం అట్లాగే ఉంది. నా చెవిలో చెప్పింది, "అక్కా, కిందిది ఇంకా బాగుంది. కాని ఆ దీపం వేడికి మైనం కరుగుతుంది. ఇవాళ తీసుకుపోకపోతే అదీ పోతుంది."

గడపలో నిలబడ్డ యాదగిరి నాకు సైగ చేశాడు. దగ్గరకు పోతే గుసగుసగా, "అక్కా, అవును నీ కొడుకే అని చెప్పు. అస్తులు కలిపినట్టు దీన్ని గోదాట్ల కలపాలె, మేము కలుపుతం అని చెప్పు. ఇప్పుడే ఇచ్చేస్తది," అన్నాడు.

అది చెడ్డ ఉపాయం కాదు. ఆమెకూ ఓదార్పు, మాకూ డబ్బా. నేను తిరిగి వచ్చి కూర్చున్నాను. నర్సమ్మ నా ముఖంలోకి చూసింది.

"నువ్వు ఈ దిక్కుదానివే. నీ మాట సూస్తే ఎరుకైతాంది. ఆ పిల్ల చదువుకున్నది, ఏమన్న చెప్తది. నువ్వు చెప్పు. నా కొడుకేనా?"

అవునని చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాకంటే ముందు సుజాత మాట్లాడింది.

"అమ్మా, మీ కొడుకు సంగతి నాకు తెల్వదు. ఎవ్వరికీ తెల్వదు. ఈ ఎర్ర రంగు సంగతి మాత్రం నాకు తెలుసు. చెప్పమంటే చెప్త. వద్దంటే ఇట్లనే లేచిపోతం, డబ్బా మీ దగ్గరనే ఉండనీ."

మూడేళ్ల కష్టం! యాదగిరి తల పట్టుకున్నాడు. నర్సమ్మ దీపం వైపు చూసింది.

"చెప్పు," అంది.

సుజాత నా ఒడిలోని జత డబ్బా మూత తీసింది. నేను చేయి అడ్డం పెట్టబోయాను, ఇంత దూరం దాన్ని కాపాడింది దీనికోసమా అని.

"పర్లేదక్కా. దీని పై అరకు జత ఇంక లేదు. జత లేకుంటే ఇది దేనికీ పనికిరాదు," అంది.

రెండు పట్టీలు తీసి తమలపాకు మీద పెట్టింది. తన చెంబులోంచి ఒక దాని మీద కాచిన నీటి చుక్క వేసింది. లొట్టి వంచి రెండో దాని మీద కల్లు చుక్క వేసింది. ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. చాయ్ కాగేంత సేపు పట్టింది. నీళ్లు పడ్డది తెల్లగానే ఉంది. కల్లు పడ్డది అంచుల నుంచి ఎర్రబడుతూ నడిమికి వచ్చింది.

నర్సమ్మ అడిగింది, "దీంట్ల ఎవలున్నరు?"

"ఎవ్వరూ లేరమ్మా. కల్లు నురుగు పెడతది గద, అది పెట్టించేవి చిన్న చిన్న ప్రాణాలు. కంటికి కనపడవు. వాటికి ఈ కాగితం ఎర్రబడుతది. ప్రాణం తగిలిందని అంతవరకే దీనికి తెలుసు. ఎవరిదో తెల్వదు."

సాంబయ్యకు కోపం ఆగలేదు. "ఉన్న ఒక్క ఆశను గూడ తీసినవా తల్లీ! నీ చదువు పాడుగాను. గీ మాట చెప్పతందుకేనా గంత దూరంకెల్లి వచ్చినవు?"

సుజాత తల వంచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కాని చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు ఊకో సాంబయ్యా," అంది నర్సమ్మ. ఆ ఎర్ర పట్టీని వేలితో తాకింది. "పానముంటేనే ఎర్రగైతదా?"

"ఆ."

"లేకుంటే?"

"తెల్లగనే ఉంటది."

"నాకు పెట్టి సూడు."

మాకు ముందు అర్థం కాలేదు. ఆమె మళ్లీ అంది. "నాకు పెట్టు బిడ్డా. మూడొద్దుల సంది కూసున్న. కాళ్లు నాయి కావు, చేతులు నాయి కావు. ఆకలి లేదు, దూప లేదు. వాడు పోతే నేను ఎట్ల మిగిలిన? మిగిలిన్నో లేదో సూడు."

సుజాత ఒక పట్టీ తీసింది. "నోట్లె పెట్టుకోవద్దమ్మా, మందు ఉంటది. దీని మీద ఉమ్మున్రి."

నర్సమ్మ ప్రయత్నించింది. పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. నోరు అంత ఎండిపోయింది. "చూసినవా," అంది, తాను చెప్పిందే నిజమన్నట్టు.

నేను సుజాత చెంబు అందుకున్నాను. "దోసిలి పట్టు వదినా. నోరు తడవనిది ఎట్ల తెలుస్తది?"

ఆమె దోసిలి పట్టింది. పోశాను. రెండు గుక్కలు తాగింది, మూడోది పుక్కిలించి వదిలేసింది. కాసేపు ఆగి పట్టీ మీద ఉమ్మింది. సుజాత దాన్ని ఆకు మీద, నీళ్లు పడ్డ తెల్ల పట్టీ పక్కన పెట్టింది. ఈసారి కల్లుకు పట్టినదానికంటే చాలా ఎక్కువ సేపు పట్టింది. దూడ అరిచింది. ఎవరో పిల్ల బయట నుంచి పిలిచి, లోపల నిశ్శబ్దం చూసి ఆగిపోయింది. రాకపోతే ఏం చెప్పాలి అని నేను లోలోపల మాటలు వెతుక్కుంటున్నాను. సుజాత కూడా ఆకు మీదికి వంగింది, తన పట్టీ గురించి తనకే భయం వేసినట్టు.

ఒక మూల లేత గులాబీ రంగు వచ్చింది. అది మెల్లగా ఎర్రబడింది.

నర్సమ్మ ముఖంలో సంతోషమేమీ లేదు. "ఇంకా ఉన్నదా," అంది.

"ఉన్నదమ్మా," అంది సుజాత.

నర్సమ్మ దీపం పక్కకు జరిపింది. ఒడిలోని డబ్బా మూత తనే వేసి, రెండు చేతులతో సుజాతకు ఇచ్చింది. "నీ పని చూసుకో బిడ్డా. పై నుంచి వచ్చిన కాయిదాలు గూడ సచ్చినయో బతికినయో సూడాలె గద."

ఆ పట్టీల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఈ ఇంట్లో ఆ తర్వాత చూసింది చెప్పాక ఇంకేమీ రాయాలనిపించదు. కింది అరలు రెండూ భద్రంగా హనుమకొండ చేరాయి. పైకి పోయి వచ్చినవీ, నా ఒడిలో తిరిగినవీ పక్కపక్కన పెట్టి సుజాత పరీక్షించింది. పైకి పోయినవీ ఎర్రబడ్డాయి, కాని కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యం కిరణాల వల్లనా, అంత ఎత్తున చలి వల్లనా అనేది ఒక్కసారితో తేలదని ఉన్నది ఉన్నట్టే రాసింది. కుజగ్రహం దారి నెలల తరబడి ఉంటుంది, ఒక్కరోజు చూసి దాని గురించి చెప్పలేమని కూడా రాసింది. ఇంకొకసారి చోటు కావాలని అడిగింది. నాన్న ఇంకా ఏమీ అనలేదు.

ఇక ఆ ఇల్లు. డబ్బా తీసుకుని మేము లేస్తుంటే నర్సమ్మ మరిదిని పిలిచింది.

"సాంబయ్యా, బువ్వ ఏమన్న ఉన్నదా?"

ఆయన పరుగెత్తి పోయి సత్తు గిన్నెలో అన్నం, మీద ఇంత చింతపండు చారు పోసి తెచ్చాడు. ఆమె కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగింది. అప్పుడు వచ్చింది ఏడుపు. మూడు దినాలుగా రానిదంతా ఒక్కసారే వచ్చింది. ఊకోమని ఎవరూ అనలేదు. ఏడుస్తూనే రెండో ముద్ద కలుపుకుంది.